తీర్మానం 502: పది ఓట్ల లెక్క

అందరికీ నమస్కారం. 1982లో అర్జెంటీనా ఫాక్‌లాండ్స్ దీవుల నుంచి వెనక్కి వెళ్లాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి చేసిన తీర్మానం 502 గురించీ, దాన్ని నెగ్గించిన బ్రిటిష్ రాయబారి గురించీ చెప్తాను.

సర్ ఆంథొనీ పార్సన్స్ సైన్యం వదిలి 1954లో బ్రిటిష్ విదేశాంగ శాఖలో చేరారు, 1982లో రిటైరయ్యారు. 1974 నుంచి 79 దాకా టెహ్రాన్‌లో రాయబారి. ఇరాన్ రాజు షా కూలిపోతాడని ఆయన కనిపెట్టలేకపోయారు. షాకు అనుమానం రాకూడదని ప్రతిపక్షాలకు దూరంగా ఉన్నారు, ఎంబసీ శక్తంతా ఎగుమతుల మీద పెట్టారు. సమాచారం కొరవడి కాదు, ఊహ చాలక పొరబడ్డామని తర్వాత ఆయనే పుస్తకం రాసి ఒప్పుకున్నారు. అలా ఒప్పుకునే రాయబారులు అరుదు.

అదే మనిషి ఆ తర్వాత న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితిలో బ్రిటన్ రాయబారిగా ఏం చేశారో చూద్దాం.

1982 ఏప్రిల్ 1న, దాడికి ముందే, ఆయన భద్రతా మండలిని అత్యవసరంగా కూర్చోబెట్టారు. బ్రిటన్, అర్జెంటీనా రెండూ బలప్రయోగం మానాలని మండలి అధ్యక్షుడు ప్రకటించాడు. మర్నాడే అర్జెంటీనా, తనవని చెప్పుకుంటున్న బ్రిటిష్ పాలనలోని ఫాక్‌లాండ్స్ దీవుల్లో దిగింది. దాంతో పేచీ బ్రిటన్‌తోనే కాదు, మండలితోనూ అయింది.

పార్సన్స్ వెంటనే తీర్మానం ముసాయిదా పెట్టారు. అందులో మూడే అంశాలు: కాల్పులు ఆపాలి, అర్జెంటీనా సైన్యం వెనక్కి వెళ్లాలి, చర్చలతో తేల్చుకోవాలి. దీవులు ఎవరివన్న మాటే లేదు. అది ఉంటే, వలసపాలన చవిచూసిన దేశాలు చేయి ఎత్తేవి కావు.

పదిహేనింటిలో తొమ్మిది ఓట్లు కావాలి, ఏ వీటో పడకూడదు. జోర్డాన్ జారిపోయేలా ఉంటే బ్రిటన్ ప్రధాని థాచర్ స్వయంగా రాజు హుస్సేన్‌కు ఫోన్ చేశారు. గయానాకు వెనెజువెలాతో సరిహద్దు తగాదా ఉంది కాబట్టి, బలంతో భూమి లాక్కోవడాన్ని సమర్థించే అవకాశం లేదు.

పనామా ఒక మెలిక పెట్టింది: తగాదాలో ఉన్న దేశం ఓటెలా వేస్తుంది? సమితి చార్టర్ 27వ అధికరణంలో ఆ నిషేధం నిజంగానే ఉంది. కానీ అది ప్రధానంగా ఆరో అధ్యాయం, అంటే తగాదాల శాంతియుత పరిష్కారం, కింది తీర్మానాలకు వర్తిస్తుంది. ముసాయిదా పీఠికలో ‘శాంతి భంగం’ అన్న మాట ముందే ఉంది, అది శాంతికి భంగం కలిగినప్పుడు తీసుకునే చర్యల గురించిన ఏడో అధ్యాయపు భాష. ఆ ఒక్క మాట బ్రిటన్ ఓటును కాపాడింది.

ఏప్రిల్ 3న అనుకూలం 10, వ్యతిరేకం పనామా ఒక్కటే. సోవియట్ యూనియన్, చైనా, పోలెండ్, స్పెయిన్ తటస్థం. సోవియట్ వీటో మీద అర్జెంటీనా పెట్టుకున్న ఆశ నీరుగారింది.

ఈ బలం ఎంతోకాలం నిలవలేదు. జూన్ 4న కాల్పుల విరమణ కోరుతూ స్పెయిన్, పనామా తీర్మానం తెచ్చాయి. అప్పటికి బ్రిటిష్ సేనలు దీవుల మీద ఉన్నాయి, ఆగితే అర్జెంటీనా సైన్యం అక్కడే ఉండిపోతుంది. పార్సన్స్ వీటో వేశారు. ఏప్రిల్‌లో వెంట నిలిచిన తొమ్మిదింటిలో ఐర్లండ్, జపాన్, ఉగాండా, జైర్ అటు వెళ్లాయి. ఫ్రాన్స్, గయానా, జోర్డాన్, టోగో తటస్థంగా ఉండిపోయాయి. మిగిలింది అమెరికా. అదీ వ్యతిరేకంగానే ఓటేసింది. కానీ ఓటింగ్ అయిన కాసేపటికే దాని రాయబారి జీన్ కిర్క్‌పాట్రిక్ లేచి, మార్చుకునే వీలుంటే తటస్థంగా ఉండేవాళ్లమని ప్రకటించారు. వాషింగ్టన్ ఆదేశం ఆలస్యంగా అందిందట. పడ్డ ఓటు మారదు కదా!