సైకిల్‌కు దారి కావాలంటే అర్జీ ఎలా రాయాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా మరొకటి. పైన సౌర ఫలకాల కప్పు, దాని కింద చల్లటి నీడ. ఆదివారం ఉదయం అక్కడికి సైకిల్‌ను కారు వెనుక బిగించుకుని వచ్చేవారు కనిపిస్తారు. వ్యాయామానికి మంచి చోటే, కాదనను. కానీ తెల్లవారుజామున పాలప్యాకెట్లు వేసే కుర్రవాడికి, రాత్రి డ్యూటీ దిగి ఇల్లు చేరాల్సిన వాచ్‌మన్‌కు అది దారిలో తగలదు. దేశంలో వ్యవసాయేతర పనులకు వెళ్లేవారిలో నూటికి దాదాపు 13 మంది సైకిల్ మీద వెళ్తున్నారని 2011 జనాభా లెక్కలు చెప్పాయి. నడిచి వెళ్లేవారు అంతకంటే ఎక్కువ. పని మానుకుని కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లి దారి అడిగే తీరిక వీళ్లకు ఉండదు. తీరిక ఉన్నవాళ్లేమో ‘నగరంలో సైకిల్ ట్రాక్‌లు వేయాలి’ అని ఒక్క ముక్క రాసి ఇచ్చి వస్తారు. ఆ ముక్క చేతికిస్తే ఏ ఇంజనీరు మాత్రం అంచనా తయారు చేయగలడు?

కాబట్టి ఈ పూట అర్జీ ఎలా రాయాలన్నదే మాట్లాడుకుందాం.

అర్జీలో మొదట చోటు చెప్పాలి. ఫలానా కూడలి నుంచి ఫలానా పాఠశాల వరకు, ఎడమ వైపు. ఆ మేర ఒకసారి సైకిల్ తొక్కుతూ, మరోసారి నడుస్తూ చూడండి. రోడ్డు అంచున వాననీరు దిగడానికి ఇనుప జాలీలు ఉంటాయి. వాటి కమ్మీలు బండ్లు వెళ్లే దిశలోనే పొడుగ్గా ఉంటే సైకిల్ ముందు చక్రం సందులోకి దిగిపోతుంది. తొక్కేవాడు హ్యాండిల్ మీదుగా ఎగిరి బోర్లా పడతాడు. కారులో వెళ్లేవారికి మాత్రం గడగడమని చప్పుడు తప్ప మరేమీ తెలియదు. చదరపు జాలీ అయితే అడ్డంగా తిప్పి బిగిస్తే సరి. లేదంటే రెండు మూడు అడ్డకమ్మీలు వెల్డింగ్ చేయిస్తే సరిపోతుంది. ఇలాంటి చిన్న పనులు అర్జీలో ముందు రాయండి. పెద్ద పనికి మంజూరు వచ్చేలోపు ఇవైనా అవుతాయి. ఒకసారి పని చేసి పెట్టిన అధికారి రెండోసారి మిమ్మల్ని గుర్తుపడతాడు కూడా.

ఇక బస్టాపు దగ్గరికి రండి. సాధారణంగా సైకిల్ తొక్కేవాళ్లు ఒక అర్జీ ఇస్తారు, దివ్యాంగుల సంఘాలు మరొకటి ఇస్తాయి, వయోవృద్ధులు విడిగా మొర పెట్టుకుంటారు. నిజానికి ముగ్గురికీ అడ్డం పడుతున్నది ఒకటే. బస్సు ఆగాల్సిన చోట ఆటోలు, బైకులు నిలిపి ఉంటాయి. బస్సు రోడ్డు మధ్యలో ఆగుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఫుట్‌పాత్ దిగి, ఆటోల సందులోంచి దూరి, తారు రోడ్డు మీద నుంచి ఆ ఎత్తు మెట్టు ఎక్కాలి. ఎక్కేదాకా డ్రైవర్ ఆగితే అదృష్టం. అదే బస్సు ఫుట్‌పాత్‌కు ఆనుకుని ఆగితే ఆరంగుళాల ఎత్తు తగ్గుతుంది. లోఫ్లోర్ బస్సు నేల రోడ్డుకు 400 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది, చక్రాల కుర్చీ ఎక్కడానికి ర్యాంపు వేసుకోవచ్చు. అయితే బస్సు రోడ్డు మధ్యలో ఆగినప్పుడు ఆ ర్యాంపు నిటారుగా లేస్తుంది. బస్సుకు పెట్టిన డబ్బంతా బస్టాపు దగ్గర వృథా. ఆ ఆటోలే సైకిల్‌ను కూడా బస్సు చక్రాల పక్కకు నెడతాయి. అందుకే ముగ్గురూ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాలంటాను.

ఫుట్‌పాత్‌ల మీదికి బైకులు ఎక్కకుండా ఇనుప గొట్టాలు నాటడం ఇప్పుడు రివాజైంది. మంచిదే. అయితే గొట్టాల మధ్య కనీసం మూడడుగుల ఎడం లేకపోతే చక్రాల కుర్చీ పట్టదు. పక్క సందులోంచి బైకు ఎలాగూ ఎక్కేస్తుంది.

అర్జీలో బతిమాలుకోవడం తగ్గించి ప్రమాణాలు రాయండి. అడ్డంకులు లేకుండా నడవడానికి 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని, ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. సుగమ్యతా ప్రమాణాలు, అంటే దివ్యాంగులు ఎక్కడికైనా ఇబ్బంది లేకుండా వెళ్లగలిగేలా పెట్టిన కొలతలు, వట్టి సిఫారసులుగా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలు కావాలని రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం చేసినదే. నడిచేవారికి ఫుట్‌పాత్ ఉండడం జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో అదే న్యాయస్థానం మరో కేసులో చెప్పింది. ఇవి రాస్తే మీ కాగితాన్ని పక్కన పడేయడం కష్టమవుతుంది.

అసలు చిక్కు, రోడ్డు ఒకరిది కాకపోవడం. రోడ్డు కార్పొరేషన్‌ది కావచ్చు, రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)ది కావచ్చు. ఫుట్‌పాత్ నడుమ కూర్చున్న ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ సంస్థది. బస్సు ఆర్టీసీది. అడ్డంగా నిలిపిన బండ్లను తీయించాల్సింది ట్రాఫిక్ పోలీసులు. ఇలాంటి శాఖలను ఒక చోట కూర్చోబెట్టడానికే హైదరాబాద్‌లో 2008లో ఉమ్తా అనే సంస్థను పెట్టారు. బస్టాపులో నిలబడే వారిలో దాని పేరు విన్నవారు ఎందరో మీరే ఊహించుకోండి. కాబట్టి అర్జీ కార్పొరేషన్ కమిషనర్ పేరిట రాసి, కింద నకలు ఎవరెవరికి పంపుతున్నారో వరుసగా రాయండి. ‘ఇది మా పరిధి కాదు’ అనే జవాబుకు అప్పుడు అవకాశం తగ్గుతుంది.

రోడ్డు మళ్లీ వేయబోతున్నారని తెలిస్తే ఆలస్యం చేయకండి. తారు పడ్డాక అడిగితే మళ్లీ తవ్వాలంటారు. రోడ్డు మీద ఆకుపచ్చ గీత గీసి ఇదే సైకిల్ దారి అంటే మాత్రం ఒప్పుకోవద్దు. నాలుగు రోజుల్లో దాని మీద కార్లు నిలుస్తాయి. కార్లు రాకుండా ఆ గీత పొడవునా గట్టు కట్టమని అడగండి. ఆ వరుసలో ఉన్న దుకాణదారులతో ముందే మాట్లాడుకోవడం మంచిది. లేకపోతే మీ అర్జీ వెనకే వాళ్ల అర్జీ వెళ్తుంది.

తెలంగాణలో సోమవారాల్లో ప్రజావాణి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ సోమవారమే అర్జీలు తీసుకుంటారు. ఇచ్చాక ఇన్‌వార్డ్ నంబరు, ముద్ర వేసిన రసీదు అడిగి తీసుకోండి. అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) పరిశీలనకు వచ్చే రోజు చక్రాల కుర్చీ వాడే వారొకరిని, టేపును సిద్ధంగా ఉంచుకోండి. ఎన్నాళ్లయినా కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి, ఫలానా నంబరు కాగితం ఏ తేదీ నుంచి ఏ సీటులో ఉందో, దాని మీద ఎవరు ఏమని రాశారో ప్రతులు అడగండి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. రాకపోతే అదే కార్యాలయంలో పై అధికారికి మొదటి అప్పీలు చేయవచ్చు, దానికి రుసుము లేదు.

సెలవు.