పదిహేను రోజుల డ్రైవింగ్ స్కూలు, చిన్నాన్నతో రెండు ఆదివారాలు: నా మాన్యువల్ కారు పాఠాల రివ్యూ

నమస్కారం అండీ. ఈసారి రివ్యూ కారుకు కాదు, కారు నేర్చుకోవడానికి. కడపలో ఒక డ్రైవింగ్ స్కూల్లో పదిహేను రోజుల కోర్సు చేశాను. పేరు చెప్పను, అడగొద్దు.

రోజుకు అర్ధగంట. మొదటి రోజే నన్ను ఏడు రోడ్ల దగ్గరికి తీసుకెళ్లారు. ముందు ఆటో, పక్కన బస్సు, మధ్యలో దూరే బైకులు. అంత రద్దీలో కూడా బండి ఒక్కసారైనా ఆగిపోలేదు! ఇంటికొచ్చి అమ్మ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

కోర్సు అయిపోయాక మా సెకండ్ హ్యాండ్ ఆల్టో తీశాను. గేటు కూడా దాటలేదు. ఒక్క ఎగురు ఎగిరి ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాను, మళ్లీ ఎగిరింది. ఏడోసారికి ఎదురింటి పెద్దమ్మ బిందె కింద పెట్టి మరీ చూస్తోంది.

సంగతేమిటంటే, స్కూలు బండిలో ట్రైనర్ వైపు కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. పదిహేను రోజులూ నా క్లచ్ ఆయనే తొక్కాడు. నేను తిప్పింది స్టీరింగ్ ఒక్కటే.

ఇక మా చిన్నాన్న. ఇరవై ఏళ్లు బండల లారీ తోలిన మనిషి. ఆదివారం పొద్దున్నే ఎల్ బోర్డు అంటించి, ఊరి బయట ఖాళీ వెంచర్‌లోకి తీసుకెళ్లాడు. ‘యాక్సిలరేటర్ జోలికి పోవద్దు పాపా. ఫస్ట్ గేరేసి, ఉత్త క్లచ్‌తోనే కదిలించు’ అన్నాడు.

ఫోన్ పెడల్స్ దగ్గర పెట్టి వీడియో తీశాను, చూడండి. మడమ నేలకు ఆనింది, పాదం మెల్లగా లేస్తోంది. ఇక్కడ... వినండి. ఇంజిన్ గొంతు కాస్త తగ్గింది కదా? చేతుల్లో స్టీరింగ్ సన్నగా వణుకుతుంది. క్లచ్ ప్లేటు వెళ్లి ఫ్లైవీల్‌ను, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రాన్ని, పట్టుకోవడం మొదలయ్యేది ఇక్కడే. కాలు ఇక్కడ ఒక్క క్షణం ఆపాలి. నేను ఆపకుండా ఒక్కసారే వదిలేసేదాన్ని, అందుకే ఆ ఎగురుడు. ఆ రోజు ఇదొక్కటే గంటన్నర చేయించాడు. కాలు పీకిందంటే పీకింది.

అలాగని అక్కడే కాలు పెట్టుకుని కూర్చుంటే ప్లేటు అరిగిపోతుంది. మధ్యలో కాలిన వాసన వస్తే పొలంలో ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకున్నాను. చిన్నాన్న ముక్కు ఎగబీల్చి, ‘అది మన బండే’ అన్నాడు.

రెండో ఆదివారం రాయచోటి రోడ్డు, గువ్వలచెరువు ఘాట్. ఎక్కేటప్పుడు మా ముందు లారీ ఆగింది. వెనక ఇంకో లారీ. నాకు టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి. హ్యాండ్ బ్రేక్ లాగమన్నాడు. క్లచ్ లేపి కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చాను. బానెట్ కాస్త పైకి లేచింది, అప్పుడు హ్యాండ్ బ్రేక్ వదిలాను. బండి వెనక్కి అంగుళం కూడా జారలేదు!

పైన పాలకోవ తిని తిరుగు దారి పట్టాం. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లోనే ఉంచమన్నాడు, ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. అదే పనిగా బ్రేక్ తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ వేసేవాళ్లున్నారు చూడండి, వాళ్ల పక్కన నేను కూర్చోను.

మరి స్కూలు డబ్బు దండగా? కాదు. ట్రాఫిక్ భయం అక్కడే పోయింది. కానీ మీరు చేరితే రెండో రోజే ‘సార్, మీ కాలు తీసేయండి, ఆగిపోతే ఆగిపోనీ’ అని అడగండి. ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు, వచ్చాక 30 రోజులు ఆగితేనే లైసెన్సు టెస్ట్. ఎల్‌ఎల్‌ఆర్ గడువు 6 నెలలు. ఆ టైమంతా సొంత బండి మీద తోలండి, లైసెన్సున్న మనిషిని పక్కన పెట్టుకుని.

ఎదురింటి పెద్దమ్మ ఇప్పుడు పెద్ద దర్గాకు నా బండిలోనే వస్తానంటోంది. లైసెన్సు రానీ పెద్దమ్మా అంటున్నాను. నాకు రివర్స్ ఇంకా సరిగా రాదని మాత్రం ఆమెకు చెప్పలేదు.