ఎనిమిదో నెల పిల్లలు

డాక్టరు గారికి, సిస్టర్లకు, వెనక వరసలో పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మలకు నమస్కారం. వేదిక మీది పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమ్ కాస్తా అయిపోతుంది. పెద్దలు ఏమీ అనుకోవద్దు.

నవంబర్ 17 నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం పెట్టిన రోజు. 37 వారాలు నిండక ముందే కాన్పయితే నెల తక్కువ బిడ్డ అంటారు. ఇంక్యుబేటరు గురించీ, పాలు పట్టడం గురించీ చెప్పమన్నారు. చెబుతాను. ముందు ఒక మాట కక్కేయనివ్వండి.

మా పాప 32 వారాలకే పుట్టింది. ఆసుపత్రి వరండాలో మా దగ్గరి బంధువొకావిడ బ్రెడ్డు ప్యాకెట్టు నా చేతిలో పెడుతూ, "ఏడో నెల పిల్లయితే బతికేదిరా. ఎనిమిదో నెలది దక్కదంటారు" అంది. మా ఆవిడ పక్కనే, కుట్లు పట్టుకుని నిలబడి ఉంది. ఆ పూట పిండితే గిన్నె అడుగు తడిసేన్ని పాలు కూడా రాలేదు.

అమలాపురం నుంచి అంతర్వేది దాకా ఏ అరుగు మీద కూర్చున్నా ఈ మాట వినిపిస్తుంది. కొబ్బరికాయల లెక్కలో ఒక్క కాయ తేడా రానివ్వని మనం ఈ లెక్క ఎలా తప్పామండీ? ఊపిరితిత్తుల్లో గాలి గదులు అతుక్కుపోకుండా సర్‌ఫాక్టెంట్ అనే పదార్థం కాపాడుతుంది. కడుపులో వారాలు గడిచేకొద్దీ అది పెరుగుతుంది. అలాంటప్పుడు ఏడు కంటే ఎనిమిదే మేలు కదా! బాలింత ముందు ఆ మాట ఇంకెవరైనా ఎత్తితే, దండం పెడతాను, అక్కడే ఆపేయండి.

సరే, పిల్లల వార్డు లోపలి సంగతి. మోచేతుల దాకా చేతులు కడుక్కుని వెళ్తే, చిన్న సైజు డైపరు కూడా పాపకి చంకల దాకా వచ్చింది. ముక్కుకి సీప్యాప్, అంటే ఊపిరికి సాయంగా గాలిని కాస్త ఒత్తిడితో పంపే గొట్టం, నోట్లోంచి పొట్టలోకి సన్నటి గొట్టం. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిసి కుదరాలంటే గర్భం లెక్కన సుమారు 34 వారాలు నిండాలట. అందాకా సిస్టరు సిరంజి పైకెత్తి పట్టుకుంటే, తల్లిపాలు వాటంతటవే మెల్లగా దిగేవి. మానిటరు కూసినప్పుడల్లా నాకు టెన్షన్. "ఆ అంకెలే చూడకండి, పిల్ల రంగు కూడా చూడండి" అనేవారు ఆవిడ.

తర్వాత కంగారూ పద్ధతి. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో మొదలైంది. పిల్లని ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెల మీద పడుకోబెట్టుకోవడమే. రోజుకు కనీసం 8 గంటలు, వీలైతే 24 గంటలూ అలాగే ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మా ఆవిడ అలసిపోయిన పూట సిస్టరు నన్ను చొక్కా విప్పమన్నారు. ఇంటి నుంచి ఫోను: "పురిటి మైల తీరకుండా తండ్రి ముట్టుకోకూడదు!" నేను ఫోను పెట్టేసి చొక్కా విప్పాను.

ఈ హాల్లో నాన్నలెంతమంది ఉన్నారు? చేతులెత్తండి... ఇంతేనా? మిగతావాళ్లు బయట బళ్ల దగ్గర ఉన్నారు కాబోలు. పిలవండి, వాళ్లూ వినాలి.

ఇంకొక్కటి. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల కంటే తక్కువ బరువున్నా, పుట్టిన నాలుగు వారాల్లోపు కంటి రెటీనా పరీక్ష చేయించాలి. పాలు బాగా తాగుతోంది కదా, ఇంటికి పంపేశారు కదా అని మానేయకండి. ఎక్కడ చేస్తారో డాక్టరు గారు చెబుతారు, మైకు వారికే ఇస్తున్నాను.