కాటా ఒక్కటే అయినప్పుడు: గేమ్‌కో ప్రాసెసర్, పనికో ప్రాసెసర్

అందరికీ నమస్కారం. ఇంజినీరింగ్ పిల్లలు సగం, ఫొటో స్టూడియోల వాళ్ళు సగం వచ్చినట్టున్నారు. ముందు వరుసలో ఒకరిద్దరు ఆర్కిటెక్టులు కూడా కనిపిస్తున్నారు. ఇంతమందికీ పనికొచ్చే ప్రాసెసర్, అంటే కంప్యూటర్ మెదడు, ఏదో చెప్పమని నన్ను పిలిచారు. అలాంటిది ఒకటి ఉంటే నా దుకాణం ఎప్పుడో మూతపడేది.

గుంటూరు బ్రాడీపేటలోని నా కంప్యూటర్ దుకాణంలో నేను రోజూ వినే ప్రశ్న ఒకటే. "అన్నా, ఐ9 మంచిదా, రైజెన్ 9 మంచిదా?" మొదటిది ఇంటెల్ ప్రాసెసర్, రెండోది ఏఎండీది. నేను తిరిగి అడిగేదీ ఒకటే. "నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుని దేనికోసం ఎదురుచూస్తున్నావు?" ఈయనేంటి వేదాంతం మొదలెట్టాడు అన్నట్టు చూస్తారు. కానీ నేను అడిగేది నిజంగా అదే. ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కి టీ తాగడానికి వెళ్తున్నావా? మౌస్ కదిపితే గీత ఆలస్యంగా కదులుతోందా? గేమ్‌లో నలుగురు ఎదురుపడగానే బొమ్మ కుదుపులిస్తోందా? ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బులు, ఒకే మాత్రతో తగ్గవు.

మన మిర్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ళను చూసే ఉంటారు. ఇద్దరు కూర్చుంటే నాలుగు రోజులు పట్టే కాయకి నలుగురు కూర్చుంటే రెండు రోజులు చాలు. ఒకరి చేయి ఇంకొకరి కోసం ఆగదు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ మీద చేసే రెండరింగ్, అంటే తుది బొమ్మ తీయడం, పెద్ద సాఫ్ట్‌వేర్ కంపైల్ చేయడం, అంటే రాసిన కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చడం, ఇవన్నీ తొడిమల పనులు. ప్రాసెసర్ లోపల పని చేసే చేతులే కోర్లు. ఇక్కడ అవి ఎన్ని పెంచితే అంత లాభం. 16 కోర్లున్న రైజెన్ 9 9950ఎక్స్ గానీ, 24 కోర్లున్న ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కే గానీ డబ్బుకి న్యాయం చేసేది ఇలాంటి చోటే. ఆ 24లో 8 పెద్ద కోర్లు, 16 చిన్న కోర్లు. చిన్నవాటిని తీసిపారేయకండి, తొడిమలు తీయడానికి పహిల్వాన్లు అక్కర్లేదు.

అదే కాయ బస్తాలకెక్కి కాటా దగ్గరికి వచ్చిందనుకోండి. కాటా ఒక్కటే. ముఠా కూలీలు నలభై మంది నిలబడ్డా బస్తా తర్వాత బస్తానే తూగాలి. 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజినీరు ఈ సంగతే వాదించాడు, ఆ సూత్రానికి ఆయన పేరే నిలిచింది. పనిలో పదో వంతు కాటా దగ్గరి పని అయితే, కూలీలను వేలమందిని దింపినా మొత్తం వేగం పది రెట్లకు మించదు.

ఆటోక్యాడ్‌లో 2డీ డ్రాయింగ్, ఫొటోషాప్‌లో ఆల్బమ్ డిజైన్ చాలావరకు కాటా పనులే. ఒక ఆర్కిటెక్ట్ గారు పట్టుబట్టి 16 కోర్ల మెషీన్ కట్టించుకున్నారు. వారం తిరక్కుండా ఫోన్. "ప్లాన్ జూమ్ చేస్తే ఇంకా తడబడుతోందండీ. ప్రాసెసర్ వాడకం చూస్తే మూడు శాతం. అసలది పని చేస్తోందంటారా?" ఆ మూడు శాతంలోనే ఉంది కిటుకంతా. 16 కోర్లు, ఒక్కోదానికి రెండేసి పని వరుసలు, అంటే 32 థ్రెడ్‌లు. ఒక్క థ్రెడ్ ఊపిరాడకుండా పని చేస్తూ మిగతా 31 గోళ్ళు గిల్లుకుంటుంటే సగటు మూడు శాతమే వస్తుంది. టాస్క్ మేనేజర్‌లో ఆ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ కొట్టి, లాజికల్ ప్రాసెసర్లుగా విడదీసి చూడండి. ఆయనకి కావాల్సింది ఒక్కో కోర్ చురుగ్గా ఉండే ప్రాసెసర్. ఆరు కోర్లదైనా సరిపోయేది. చెప్పాను, వినలేదు. నేను కూడా గట్టిగా చెప్పలేదనుకోండి, వ్యాపారం కదా.

గేమ్ కూడా కాటా జాతే, కాకపోతే అందులో ఇంకో మెలిక ఉంది. సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే 144 హెర్ట్జ్ మానిటర్ కొన్న కుర్రాడికి ప్రతి ఫ్రేమూ, అంటే ప్రతి బొమ్మా, ఏడు మిల్లీసెకన్ల లోపు తయారవ్వాలి. ఎవడు ఏ గోడ వెనక ఉన్నాడు, తూటా ఎటు పోతోంది, ఇవన్నీ ఆ కాస్త వ్యవధిలోనే ప్రాసెసర్ తేల్చాలి. అందుకు కావాల్సిన వివరం పక్కనే క్యాష్‌లో, అంటే ప్రాసెసర్ లోపలుండే చిన్న మెమరీలో, ఉంటే పది నానోసెకన్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. ర్యామ్ దాకా వెళ్ళాల్సి వస్తే 70, 80 అవుతుంది. చిన్న అంకెలే కదా అనిపిస్తుంది. సెకనుకి 500 కోట్ల అడుగులేసే 5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి ఆ ఎదురుచూపులో 350, 400 అడుగులు వృథా. నూనె కాగాక ఆవాల కోసం సామాన్ల గదిలోకి పరిగెత్తడం లాంటిది. పోపులపెట్టె పొయ్యి పక్కనే ఎందుకుంటుందో మన ఇళ్ళల్లో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఏఎండీ 2022 ఏప్రిల్‌లో రైజెన్ 7 5800ఎక్స్3డీ తెచ్చినప్పుడు చేసిన పని పోపులపెట్టెను పెద్దది చేయడమే. మామూలు 5800ఎక్స్‌లో 32 ఎంబీ ఉన్న ఎల్3 క్యాష్‌కి, చిప్ మీద ఇంకో పొర అతికించి 96 ఎంబీ చేసింది. మరుసటి ఏడాది 7800ఎక్స్3డీ వచ్చింది. పెట్టె మీద అంకె చూసి కొనేవాళ్ళు ఇక్కడే బోల్తాపడ్డారు. 7700ఎక్స్ గరిష్ఠ వేగం 5.4 గిగాహెర్ట్జ్, దీనిది 5.0. ఇద్దరికీ ఎనిమిదే కోర్లు. చాలా గేమ్‌లలో మాత్రం ఆ తక్కువ అంకె ఉన్నదే ముందుంటుంది. నగరాలు కట్టే గేమ్‌లు, విమానాలు నడిపే సిమ్యులేటర్లలో తేడా బాగా తెలుస్తుంది. మొదట్లో ఆ పొర కోర్ల మీద దుప్పటిలా పడి వేడిని బయటికి పోనిచ్చేది కాదు, అందుకే వేగం తగ్గించాల్సి వచ్చింది. 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్3డీలో పొరను కోర్ల కిందికి మార్చారు. దుప్పటి పరుపైంది.

పగలు రెండరింగ్, రాత్రి గేమ్ అనేవాళ్ళకి 9950ఎక్స్3డీ ఉంది. అందులో ఎనిమిదేసి కోర్ల చిప్‌లు రెండు, అదనపు క్యాష్ ఒకదాని కిందే. గేమ్ ఏ వైపు నడవాలో విండోస్, డ్రైవర్లు కలిసి సరిగ్గా చూసుకోవాలి. చూసుకోనప్పుడు పిల్లలు నా దుకాణానికి వస్తారు.

ఇంకో మాట, తండ్రులు కూడా వచ్చారు కాబట్టి. మీరు చూసే పోలికల వీడియోల్లో ప్రాసెసర్ల మధ్య తేడా బయటపడాలని బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డుల్లో అన్నిటికంటే పెద్దది పెట్టి, 1080పీ అనే తక్కువ రెజల్యూషన్‌లో పరీక్షిస్తారు. మధ్యరకం కార్డుతో 1440పీలో ఆడే కుర్రాడు ఆగేది కార్డు దగ్గర. వాడికి ఖరీదైన ప్రాసెసర్ కొనిస్తే డబ్బులు పోయినట్టే. మిగిలింది కార్డు మీద పెట్టండి.

ఇప్పుడు నేను తిన్న దెబ్బ చెబుతాను. తెనాలి ఫొటోగ్రాఫర్ తమ్ముడొకడు శ్రావణమాసం పెళ్ళిళ్ళ ముందు మెషీన్ అడిగాడు. ఇంటెల్ ఐ7 12700ఎఫ్ వేశాను, 12 కోర్లు. దానికి తోడు ఎన్విడియా 30 సిరీస్ గ్రాఫిక్స్ కార్డు. చివర్లో ఆ ఎఫ్ అక్షరం అంటే ప్రాసెసర్ లోపల గ్రాఫిక్స్ ఉండదని. కార్డు ఉంది కదా, అదెందుకు, రెండు వేలు మిగులుతాయి అనుకున్నాను. అతను కొత్త కెమెరాతో 10 బిట్ 4:2:2 లో, అంటే రంగుల వివరం ఎక్కువుండే రకంలో, ముహూర్తం షూట్ చేసుకొచ్చాడు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్ మీద పెట్టి ప్లే నొక్కితే జీలకర్ర బెల్లం దగ్గర వరుడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మైకులో పురోహితుడు మాత్రం చదువుకుంటూ పోతున్నాడు. పన్నెండు కోర్లూ నూటికి నూరు. అదే క్లిప్ వాళ్ళ స్టూడియోలో మూలన పడున్న ఐ5 12400 మీద వెన్నలా కదిలింది, ఆరు కోర్లతో. ఎందుకంటే ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో వీడియో పని చూసుకునే క్విక్ సింక్ అనే భాగం ఉంటుంది. హెచ్.265 పద్ధతిలో కుదించిన ఆ 4:2:2 ఫైల్‌ని విప్పే విద్య డెస్క్‌టాప్‌లలో 11వ తరం నుంచీ దానికి ఉంది. ఎన్విడియా కార్డులకి ఆ విద్య 2025లో 50 సిరీస్‌తో గానీ రాలేదు. "పాతదానికున్న పాటి లేదేంటన్నా దీనికి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నా డబ్బుతో ప్రాసెసర్ మార్చిచ్చాను.

ఇక మన ఎండలు. ఐ9 14900కే పూర్తి బరువెత్తితే 253 వాట్లు లాగుతుంది, మదర్‌బోర్డు హద్దులు ఎత్తేస్తే ఇంకా ఎక్కువే. రైజెన్ 9 7950ఎక్స్ 230 దాకా పోతుంది. కూలర్ ఎంత మంచిదైనా గదిలో గాలి కంటే చల్లగా చేయలేదు. రోహిణి కార్తెలో, ఏసీ లేని డాబా గదిలో, రెండు గంటల రెండర్ పెట్టి చూడండి. పది నిమిషాలకే అది తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో, కరెంటు తక్కువ లాగే ఎకో మోడ్ పెట్టి 7950ఎక్స్‌ని 105 వాట్ల తరగతికి దించితే రెండర్ వేగం తగ్గేది కొంచెమే, వేడి తగ్గేది బోలెడు. కరెంటు పోతుంది కాబట్టి యూపీఎస్ లెక్క కూడా చూసుకోండి. మామూలుగా అమ్మే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. ప్రాసెసర్ 250, కార్డు 200 లాగే మెషీన్‌కి అది ఉన్నా లేనట్టే, కరెంటు పోగానే అదీ పోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు చవగ్గా దొరుకుతున్నాయి. వాటిలో వోల్టేజీ ఎక్కువై చిప్ క్రమంగా దెబ్బతినే సమస్య ఉందని 2024లో ఇంటెలే ఒప్పుకుని, చిప్ లోపలి ఆదేశాలకి, అంటే మైక్రోకోడ్‌కి, సవరణలిచ్చి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. సవరణ ఇకముందు చెడకుండా కాపాడేదే, చెడినదాన్ని బాగు చేయదు. అంతకుముందు దాన్ని ఎవరు ఎలా వాడారో మీకు తెలియదు. నేనైతే కొనను.

ఏఎండీ వాళ్ళ భారీ వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ థ్రెడ్‌రిప్పర్ గురించి చిట్టీ వచ్చింది. మూడు నాలుగు గ్రాఫిక్స్ కార్డులు, వందల జీబీల ర్యామ్ కావాలంటేనే అటు చూడండి. గేమ్ కోసమైతే వద్దు. ర్యామ్ అంటే గుర్తొచ్చింది, రైజెన్ 7000, 9000 ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 బోర్డులో నాలుగు 16 జీబీ స్టిక్స్ బదులు రెండు 32 వేయండి. నాలుగు గుచ్చితే డీడీఆర్5 ర్యామ్ వేగం బాగా పడిపోతుంది.

వెనక బల్ల మీద రెండు మెషీన్లు పెట్టాను. ఒకటి ఎఫ్ ఉన్నది, ఒకటి లేనిది. తెనాలి తమ్ముడి క్లిప్ అతని అనుమతితోనే రెండింట్లోనూ వేశాను. ఏది ఏదో నేను చెప్పను, వెళ్ళి ప్లే నొక్కండి. స్విచ్ బోర్డు ఒక్కటే ఉంది, ఛార్జర్లు దానికి గుచ్చొద్దు.