పాత పికప్ మొరాయిస్తోందా? పార్టు మార్చే ముందు ఇవి చూడండి

(తెల్లవారుజాము. షెడ్డు ముందు తెల్ల పికప్. బానెట్ ఇంకా మూసే ఉంది.)

నమస్తే అండి. టైమ్ ఐదున్నర. మదనపల్లె మార్కెట్‌కి టమాటా లోడు వేసుకునే బండ్లు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. మా బండి మాత్రం రాత్రి పదింటి నుంచి ఇక్కడే నిలబడి ఉంది. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా తగులుతోంది. ఇంత పొద్దున్నే వీడియో తీయడానికి కారణం అదే. పాత డీజిల్ బండిలో చాలా జబ్బులు రాత్రంతా చల్లారాక, పొద్దున మొదటి సెల్ఫ్ కొట్టినప్పుడే బయటపడతాయి. ఒకసారి వేడెక్కిందంటే అరిగిపోయిన ఇంజిన్ కూడా బాగానే నడుస్తుంది.

అందుకే పాత బండి కొనడానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట చెబుతాను. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే, "స్టార్ట్ చేసి రెడీగా పెట్టాం అన్నా" అని వాళ్లంటే, ఆ రోజుకి తిరిగి వచ్చేయండి. మర్నాడు పొద్దున చెప్పకుండా వెళ్లండి.

(బానెట్ తెరుస్తారు. కెమెరా ఫిల్టర్ దగ్గరికి వెళ్తుంది.)

ముందుగా నాకు జరిగింది చెప్పాలి. ఈ వీడియో చేయాలని నాకు అనిపించిందే దాని వల్ల. ఆరేళ్ల కిందట ఒక పదేళ్ల పాత పికప్ కొన్నాను. పొద్దున పూట స్టార్టింగ్ ట్రబుల్. పదిహేను, ఇరవై సెకన్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకునేది కాదు. ఒకసారి స్టార్ట్ అయితే సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ లేదు. ఒక షాపులో బ్యాటరీ అన్నారు, కొత్తది వేయించాను. ఇంకో షాపులో నాజిల్స్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) అన్నారు, విప్పి సర్వీస్ చేయించాను. ఆ తర్వాత సెల్ఫ్ మోటార్ అన్నారు. మూడు నెలల్లో ముప్పై ఎనిమిది వేలు ఖర్చయింది. లోడు వేసుకునే టైమ్‌కి బండి కదలక, రైతు వేరే బండి పిలుచుకున్న రోజులు కూడా ఉన్నాయి.

చివరికి డీజిల్ పంపు పని మాత్రమే చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన స్పానర్ కూడా పట్టుకోలేదు. "రాత్రి ఆపినాక బండి ఏటవాలులో పెడతావా, చదునులో పెడతావా అబ్బీ?" అని అడిగారు. ముందు భాగం ఎత్తులో ఉండేలా పెడతానని చెప్పాను. అలా పెట్టిన రోజే ట్రబుల్ ఎక్కువగా ఉందా అని అడిగారు. ఆలోచిస్తే నిజమే. ఆయన ఫిల్టర్ ముందున్న నల్ల రబ్బరు పైపు తీసి, దాని చోట అడుగు పొడవు తెల్లటి ప్లాస్టిక్ పైపు బిగించారు. బండి స్టార్ట్ చేస్తే ఆ పైపులో డీజిల్‌తో పాటు చిన్న చిన్న బుడగలు వస్తున్నాయి. గాలి పీలుస్తోంది. వెతికితే ట్యాంకు నుంచి వచ్చే పైపుకి క్లిప్పు కింద వెంట్రుకంత పగులు ఉంది. కొత్త పైపు, రెండు క్లిప్పులు కలిపి రెండు వందలు కూడా కాలేదు.

ఇది ఎవరికీ కనపడకపోవడానికి కారణం ఉంది. ట్యాంకు ఇంజిన్ కంటే కింద ఉంటుంది. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపు డీజిల్‌ని పైకి పీల్చుకునే పైపు. దానికి పగులు వస్తే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళ్తుంది. కింద చుక్క కూడా పడదు కాబట్టి లీకు లేదనుకుంటాం. రాత్రంతా ఆ గాలి వల్ల పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టినంతసేపూ పంపు గాలినే తోడుతుంటుంది.

మీ బండికి ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఇదిగో, ఇది హ్యాండ్ ప్రైమర్, డీజిల్‌ని చేత్తో తోడే చిన్న పంపు. పొద్దున సెల్ఫ్ కొట్టకముందే దీన్ని నొక్కండి.

(బొటనవేలితో ప్రైమర్ నొక్కుతారు.)

రెండు మూడు నొక్కులకే గట్టిపడితే డీజిల్ నిండుగానే ఉంది, తప్పు ఇంకెక్కడో ఉంది. ఇరవై సార్లు నొక్కితే గానీ గట్టిపడకపోయి, ఆ వెంటనే బండి ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటే ఎయిర్ పడుతోందని దాదాపు తేలినట్టే. రబ్బరు పైపులు, ఫిల్టర్ సీలు, వాటర్ సెపరేటర్ కింద నీళ్లు వదిలే స్క్రూ, ఈ వరుసలో చూసుకుంటూ వెళ్లండి.

సెల్ఫే మెల్లగా, బరువుగా తిరుగుతుంటే ఆ దారి వేరు. చిన్న మల్టీమీటర్ ఒకటి కొనిపెట్టుకోండి, ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది. ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం అయిపోయినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీని అనుమానించాలి. బండి నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమో బాగానే ఛార్జ్ చేస్తోంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా సెల్ఫ్ బరువుగా తిరుగుతోందా? మీటర్ ఒక వైరు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజిన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరు సరిగా ఆనడం లేదని అర్థం. విప్పి, రెండు వైపులా ఉప్పుకాగితంతో రుద్ది బిగించండి. పాత బండ్లలో సెల్ఫ్ మోటార్ మీద పడే నిందల్లో చాలావరకు నిజానికి ఈ వైరువే.

(ఇప్పుడు సెల్ఫ్ కొడతారు. కెమెరా సైలెన్సర్ దగ్గర.)

స్టార్ట్ అయింది. ఇప్పుడు పొగ చూద్దాం. పొగ రంగుని బట్టి చెప్పడం అందరికీ తెలిసిందే కానీ, ఆ రంగు ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అన్నది చాలామంది పట్టించుకోరు.

నల్ల పొగ అంటే డీజిల్‌కి సరిపడా గాలి అందడం లేదు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త నల్లగా రావడం పాత బండ్లకు మామూలే. ఖాళీ బండి చదును రోడ్డు మీద కూడా నల్లగా వదులుతుంటే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. మట్టి రోడ్ల మీద తిరిగే బండి ఫిల్టర్ నేను తీసి దులిపితే చేటెడు దుమ్ము రాలింది. ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే టర్బో ఉన్న బండి అయితే టర్బో నుంచి వెళ్లే రబ్బరు హోసుల్ని చేత్తో వంచి చూడాలి. అక్కడ చిరిగితే లోడు మీద "ఉష్" అని శబ్దం వస్తుంది, బండి లాగదు. ఈ రెండూ చూడకుండా పంపు విప్పనివ్వకండి.

తెల్ల పొగలో రెండు రకాలు ఉన్నాయి. కళ్లు మండి, పచ్చి డీజిల్ వాసన వస్తే డీజిల్ కాలకుండానే బయటికి వచ్చేస్తోందన్నమాట. చలి పొద్దుల్లో ఒకటి రెండు నిమిషాలు ఉండి పోతే కంగారు లేదు. పోకుండా ఉంటే నాజిల్, పంపు టైమింగ్, కంప్రెషన్ చూడాలి. స్టార్టింగ్‌కి ముందు సిలిండర్‌ని వేడి చేసే హీటర్ ప్లగ్గులు ఉండే ఇంజిన్ అయితే మొదట అవి. రెండో రకం ఆవిరి. కళ్లు మండవు, కొంచెం తియ్యటి వాసన వేస్తుంది, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటాయి. అది ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ వైపు వేలు చూపిస్తుంది.

నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. ఇక్కడే "బోరు చేయాలి, హాఫ్ ఇంజిన్ పని ఉంది" అనే మాట వస్తుంది, అంటే ఇంజిన్ విప్పి సిలిండర్లు బాగుచేయాలని. ఆ మాట విన్న వెంటనే ఒప్పుకోకండి. ఇది చూడండి.

(ఆయిల్ పోసే చోట మూత తీసి, దాన్ని తిరగేసి ఆ రంధ్రం మీదే పెడతారు.)

బండి ఐడ్లింగ్‌లో ఉంది. మూత కొద్దిగా వణుకుతోంది. ఈ వయసు బండికి ఇది మామూలే. మూత ఎగిరి పక్కన పడి, రంధ్రంలోంచి గుప్పుగుప్పున పొగ తన్నుతుంటే దాన్నే బ్యాక్ కంప్రెషన్ అంటాం. పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగి కాలిన గ్యాసు కిందికి దిగుతోంది. అలా లేకుండా నీలం పొగ వస్తుంటే వాల్వు సీలు గానీ టర్బో సీలు గానీ అయ్యే అవకాశం ఎక్కువ. ఆ పనికయ్యే ఖర్చు ఇంజిన్ విప్పేదానిలో చిన్న భాగమే. కొనేవాళ్లు ఇంకొకటి చూడాలి. బ్యాక్ కంప్రెషన్ దాచడానికి, ఇంజిన్ లోపలి గ్యాసు బయటికి పోయే బ్రీదర్ పైపుని ఊడదీసి కిందికి వదిలేసేవాళ్లు ఉన్నారు. పొగ, శబ్దం తగ్గాలని చిక్కటి ఆయిల్ పోసేవాళ్లూ ఉన్నారు. పైపు ఎటు పోతోందో వంగి చూడండి.

ఇంజిన్ మిస్ కొడుతుంటే ఏ సిలిండర్‌ది తప్పో కనుక్కోవడానికి పాత మెకానిక్కులు ఒక పద్ధతి వాడతారు. ఇంజిన్ నడుస్తుండగా ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు వదులు చేస్తారు. వదులు చేసినా ఇంజిన్ శబ్దం మారని సిలిండరే పని చేయనిది. పంపు నుంచి ఒక్కో నాజిల్‌కి నేరుగా ఒక్కో పైపు వెళ్లే పాత బండికి ఈ పద్ధతి సరే. కానీ మీ బండిలో పైపులన్నీ ఒక లావుపాటి ఇనుప గొట్టం నుంచి బయల్దేరుతుంటే అది కామన్ రైల్. దయచేసి దాని మీద ఈ పని చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. అందులో డీజిల్ ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లిపోతుంది. గాయం సూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల మాత్రం వేలో చెయ్యో తీసేయాల్సినంత నష్టం జరగొచ్చు. అలాంటిది జరిగితే నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

(టెంపరేచర్ ముల్లు. ఇంజిన్ వేడెక్కుతోంది.)

ఇప్పుడు వేడి సంగతి. బండి వేడెక్కుతోందని మెకానిక్‌కి చెప్పేటప్పుడు ఎక్కడ వేడెక్కుతోందో కూడా చెప్పండి. ఊళ్లో ట్రాఫిక్‌లో నిలబడితే వేడెక్కి, హైవే ఎక్కగానే తగ్గుతుంటే ఫ్యాన్, ఫ్యాన్ బెల్టు చూడాలి. ఊళ్లో బాగుండి హైవే మీద లోడుతో పోతుంటే ముల్లు పైకి లేస్తుంటే రేడియేటర్ మూసుకుపోయి ఉండొచ్చు. బోరు నీళ్లే పోస్తూ వచ్చిన బండ్లలో లోపల ఉప్పు పేరుకుని గట్టిపడుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే పై హోసు రాయిలా గట్టిపడితే, రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తుంటే, ఆయిల్ పాలకాఫీ రంగులోకి మారితే గ్యాస్కెట్ పోయిందని చెప్పొచ్చు. మూత మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయండి.

థర్మోస్టాట్ వాల్వు తీసి పారేసే అలవాటు మన దగ్గర చాలా ఉంది. "అది తీసేస్తే వేడెక్కదన్నా" అంటారు. ఆ మాట తప్పు. సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుని ఇంజిన్‌ని సరైన వేడిలో ఉంచడమే దాని పని. అది లేకపోతే ఇంజిన్ చాలాసేపు చల్లగానే నడుస్తుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, బోరు త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో అయితే వేడి నీళ్లు రేడియేటర్‌కి పోకుండా పక్క దారిలో తిరిగి ఇంకా వేడెక్కుతాయి. మీ బండిలో అది ఉందో లేదో ఈ వారమే అడిగి తెలుసుకోండి.

(బండి రోడ్డెక్కుతుంది.)

క్లచ్ గురించి కొంచెం. హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, నాలుగో గేరులో మెల్లగా క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగిపోతే ప్లేటు బాగుంది, ఆగకుండా తిరుగుతూనే ఉంటే అరిగిపోయింది. పెడల్ తొక్కినప్పుడే గీ అని శబ్దం వస్తే రిలీజ్ బేరింగ్, తొక్కితే శబ్దం పోతుంటే గేర్‌బాక్స్ లోపలి బేరింగ్. రివర్స్ నుంచి ఫస్ట్‌కి మారినప్పుడు కింద టక్కుమంటే గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లే జాయింట్ రాడ్ క్రాసులు. బండి పోతుంటే ఊళ లాంటి శబ్దం వచ్చి, అది మలుపుల్లో మారుతుంటే చక్రం బేరింగ్, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా వదిలినప్పుడు ఒకలా ఉంటే వెనక యాక్సిల్ హౌసింగ్‌లోని క్రౌన్ పినియన్ గేర్లు.

(బండి పక్కకి ఆపి, వెనక యాక్సిల్ కింద టార్చ్ వేసి చూపిస్తారు.)

ఇక్కడ మాత్రం నాతో పాటు వంగి చూడండి. ఛాసిస్ నుంచి యాక్సిల్‌కి దిగిన ఈ సన్నటి రాడ్డు కనిపిస్తోందా? చాలా పికప్పుల్లో ఉంటుంది. దీని పైన ఉన్నది లోడుని బట్టి వెనక బ్రేకుకి ఎంత ప్రెషర్ పంపాలో నిర్ణయించే వాల్వు. ఖాళీ బండిలో వెనక భాగం ఎత్తుగా ఉంటుంది, అప్పుడు వాల్వు వెనక బ్రేకుకి తక్కువ ప్రెషర్ ఇస్తుంది. లేకపోతే ఖాళీ బండి వెనక చక్రాలు పట్టేసి జారిపోతాయి. లోడు వేస్తే వెనక భాగం దిగుతుంది, రాడ్డు కదులుతుంది, ప్రెషర్ పెరుగుతుంది.

మనవాళ్లు ఏం చేస్తారంటే, లోడు ఎక్కువ వేయాలని కమాన్ కట్టలో (వెనక స్ప్రింగు పట్టీల కట్టలో) రెండు పట్టీలు అదనంగా వేయిస్తారు. లోడు వేసినా వెనక భాగం దిగదు. బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక బ్రేకుకి సరిపడా ప్రెషర్ ఇవ్వదు. రెండు టన్నుల టమాటా వెనక ఉంటుంది, బ్రేకు భారం చాలావరకు ముందు రెండు చక్రాల మీదే పడుతుంది. భాకరాపేట ఘాట్ లాంటి దిగుడులో ముందు డిస్కులు కాలిపోయి పెడల్ పట్టు తప్పుతుంది. బ్రేక్ ఆయిల్ మార్చినా, కొత్త ప్యాడ్లు వేసినా ఇది పోదు. పట్టీలు అదనంగా వేయించే ఉంటే, ఆ ఎత్తుకి తగ్గట్టు రాడ్డుని సెట్ చేయమని మెకానిక్‌కి పేరు పెట్టి చెప్పాలి. అప్పుడు కూడా ఆర్‌సీలో రాసిన బరువు దాటొద్దు.

తేల్చుకోవడం తేలిక. లోడు బండిని వాహనాలు లేని రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు మధ్యమధ్యలో బ్రేకు వేస్తూ నడిపి ఆపండి. నాలుగు చక్రాల దగ్గరా అర జానెడు దూరంలో చెయ్యి పెట్టండి, తాకకండి. ముందు చక్రాల వేడి ఎక్కువే ఉంటుంది, అది సహజం. ఒక వైపు ఒకటే కాలుతుంటే ఆ చక్రం బ్రేకు పట్టేసి ఉంది. ముందు రెండూ సెగలు కక్కుతూ వెనక రెండూ చల్లగా ఉన్నాయంటే ఆ రోజు ఘాట్ దిగొద్దు. లోడు వేరే బండికి మార్చి, ఈ రాడ్డు దగ్గరికి రండి.