డిస్టోనియాకు డీబీఎస్: మెషిన్ ఆన్ చేశాక ఎన్నాళ్లు ఆగాలి?

(తెరపై: చిన్నపిల్ల చెప్పు, బాగా దగ్గరగా)

ఈ చెప్పు చూడండి. బయటి అంచు అరిగిపోయింది, లోపలివైపు ఇంకా కొత్తగానే ఉంది. నడిచేటప్పుడు పాప పాదం దానంతటదే లోపలికి మెలి తిరుగుతోంది. "సరిగ్గా నడువమ్మా" అని ఇంట్లో అందరూ మందలిస్తారు. కానీ అది పాప చేతిలో లేదు.

కండరాలు వాటంతటవే బిగుసుకుని ఒంటిని మెలిపెట్టే ఈ జబ్బు పేరు డిస్టోనియా. టీఓఆర్1ఏ అనే జన్యువులో లోపం ఉన్న కొందరు పిల్లల్లో ఇలా కాలితో మొదలై ఒళ్లంతా పాకుతుంది. పెద్దవాళ్లలో ఎక్కువగా మెడ ఒక పక్కకు తిరిగిపోతుంది. గడ్డానికి ఒక్క వేలు ఆనిస్తే చాలు, కొందరికి ఆ మెడ కాసేపు నిటారుగా నిలుస్తుంది. అది చూసి "నాటకాలాడుతున్నాడు" అనేవాళ్లున్నారు. దయచేసి అలా అనకండి. అది ఈ జబ్బు లక్షణమే.

డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) అంటే మెదడు లోపలికి తీగ దింపి సన్నని కరెంట్ ఇచ్చే ఆపరేషన్. అది మొదటి మెట్టు కాదు. మెడకైతే బొటాక్స్ ఇంజెక్షన్లు ఉన్నాయి. పిల్లలకు లెవోడోపా తప్పకుండా వాడి చూడాలి, ఒక రకం డిస్టోనియా ఆ మందు కొద్ది మోతాదుకే లొంగుతుంది. మందులతో అదుపులోకి రానప్పుడే డీబీఎస్ మాట.

(తెరపై: మెదడు బొమ్మ)

మెదడు లోతుల్లో రెండు వైపులా గ్లోబస్ పాలిడస్ అనే చిన్న భాగం ఉంది. పుర్రెకు రంధ్రం చేసి, మిల్లీమీటరు పైచిలుకు మందం ఉన్న తీగను అక్కడికి దింపుతారు. చెవి వెనక నుంచి చర్మం కిందుగా ఇంకో వైరు ఛాతీ పైభాగంలోని బ్యాటరీ దాకా వస్తుంది. ఫ్రాన్స్‌లోని మోంపెలియే డాక్టర్లు పిల్లల్లో వచ్చిన ఫలితాలను 2000లో ప్రచురించారు. 2003లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డిస్టోనియాకు దీన్ని ప్రత్యేక మినహాయింపు కింద అనుమతించింది. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, వైరు తెగడం, మాట ముద్దగా రావడం, ఈ ముప్పులన్నీ ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఇక అసలు సంగతి. పార్కిన్సన్స్‌లో కరెంట్ పెట్టగానే వణుకు ఆగిపోయే వీడియోలు మీరు చూసే ఉంటారు. డిస్టోనియాలో అలా జరగదు. కుదుపులు కొన్ని రోజుల్లో, వారాల్లో తగ్గొచ్చు. మెలిపడి నిలిచిపోయిన మెడ, నడుము కుదురుకోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా. మొదటి నెలలో "ఇంత ఖర్చు పెట్టాం, ఏమీ మారలేదే" అని ఇంటిల్లిపాదికీ టెన్షన్. అప్పుడే ఆశ వదులుకోకండి. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ కొన్ని వారాలు ఆగి చూడాల్సిందే.

అలాగని ఆపరేషన్ నిర్ణయాన్ని ఏళ్ల తరబడి నానబెట్టకండి. కీలు బిగుసుకుపోయి గట్టిపడితే, దాన్ని ఏ కరెంటూ విప్పలేదు.

(తెరపై: ఛాతీ మీద చిన్న ఉబ్బు)

బ్యాటరీ అయిపోతే మెలికలు తిరిగొస్తాయి, కొందరిలో ప్రాణం మీదికి తెచ్చేంత తీవ్రంగా. చెకప్‌కు వెళ్లినప్పుడల్లా ఛార్జ్ ఎంత ఉందో అడగండి. ఫిజియోథెరపీ సెంటర్‌లో డయాథర్మీ (ఒంటి లోపల వేడి పుట్టించే చికిత్స) పెడతామంటే ఒప్పుకోవద్దు, ఆ వేడి తీగ గుండా మెదడును కాల్చేయగలదు. ఎమ్మారై అంటే ముందు ఈ మెషిన్ కార్డు చూపించండి.