కోరంగి బురదలో మన వాటా

(హనుమకొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. సముద్రానికి ఇంత దూరాన ఉన్న ఓరుగల్లులో సముద్రపు బురద ముచ్చటేందని ముందు వరుసలో ఒకరిద్దరు నవ్వుతున్నారు. నవ్వండి. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో, పోటుకు మునిగి పాటుకు తేలే నేలలో కొంత మన పక్కనుంచి పోయిందే.

ఆ బురదలో ముఖ్యమైన బంకమట్టి ఖనిజం స్మెక్టైట్. అది మీకు కొత్తదేం కాదు. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలు బారేది, వానకు ఉబ్బి కాళ్లకు అంటుకునేది దానివల్లే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద దక్కన్‌లో పారిన లావా బసాల్ట్ రాయైంది. ఆ రాయి చివికితే స్మెక్టైట్ పుడుతుంది. త్ర్యంబకేశ్వరంలో పుట్టిన గోదావరి మహారాష్ట్రలో చాలా దూరం ఆ రాతిమీదే పారి, బాసర దగ్గర మన నేలలోకొస్తుంది. మంచినీళ్లలో ఈ రేణువులు రుణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతాయి. ఉప్పునీళ్లు కలిశాయా, ఆ నెట్టుడు తగ్గి ముద్దకట్టి అడుగుకు దిగుతాయి. పోటు, పాటుల నడుమ నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు పేరుకుంటాయి.

ఇసుకది వేరే దారి. కరీంనగర్ గుట్టల గ్రానైట్ నుంచి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు మానేరులో పడి గోదావరికి చేరతాయి. ఫెల్డ్‌స్పార్ కొంత దారిలోనే మట్టవుతుంది. క్వార్ట్జ్ మొండిది, చివరిదాకా పోతుంది. ఇక గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలు కనబడితే గోదావరి పుట్టిన నాసిక్ వైపు చూడకండి, అవి తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్లవి. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట గార్నెట్లకు పేరుపొందిందని మీలో ఎందరికి తెలుసు? అలలు తేలికైన క్వార్ట్జ్‌ను కొట్టుకుపోతే, ఇనుము, టైటానియం కలిసిన ఇల్మెనైట్ వంటి బరువైనవి తీరాన నల్లచారలుగా మిగులుతాయి.

అన్నీ ఎక్కణ్ణుంచో వచ్చినవే కావు. గవ్వల సున్నం అక్కడిదే. మడచెట్ల కింద గాలాడని బురదలో బాక్టీరియా సముద్రపు సల్ఫేటును సల్ఫైడుగా మారిస్తే, నది తెచ్చిన ఇనుముతో కలిసి పైరైట్ అవుతుంది. ఆ బురదను తవ్వి గాలికి పెడితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. రొయ్యల చెరువుల కోసం మడ అడవులు కొట్టేటోళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి.

ఇక మన వాటా. గోదావరిపై పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ జలాశయాన్ని 112 టీఎంసీలకు కట్టారు. ఒండ్రు పేరుకొని నిల్వ 90 టీఎంసీల దాకా పడిపోయింది, తర్వాత ఇంకా తగ్గింది. అంటే కోరంగికి పోవాల్సిన రేగడి కొంత పోచంపాడు కాడనే ఆగింది.